బుధవారం

మొదటిసారి పోయినప్పుడు
భాగ్య నన్ను గడప అవతలనే నిలబెట్టింది.
"ఎవలు చెప్పిన్రు? బడిసారా?
నా పోరడు. కొట్టుకుంట, సంపుకుంట."
ఆమె వెనక తొడిమెలు తియ్యాల్సిన మిర్చి కుప్ప,
కుప్ప వెనక వర్షిత్.
ఆరేండ్లోడు. నిండు ఎండకాలంల
పొడుగు చేతుల అంగీ.

నా సంచిల ఫారం ఉంది.
పదిహేడో ప్రశ్న: బిడ్డను కొడతారా? అవును, కాదు.
గింత గడిల ఆమె ఎట్ల పడుతది?
తియ్యలే.
కూసొని తొడిమెలు తీసిన.
అరగంటకు వేళ్ళు మండినయ్.
కన్ను నలుచుకోబోతే చెయ్యి పట్టి ఆపింది.
"మేడమ్, ఆ చేత్తోటి మొఖం ముట్టద్దు."
అని,
చాలాసేపు తన చేతులు తనే చూసుకుంది.

నెలకు లెక్క దొరికింది.
కమిలిన మచ్చలన్నీ బుధవారానియే.
బుధవారం తొమ్మిదింటికి గ్రూపు కిస్తీ,
పన్నెండు వందల యాభై.
మంగళవారం రాత్రి కుమారస్వామి
ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసి
కూలి సగం తాగొచ్చి పంటడు.
పొద్దుగాల ఆరింటిసంది ఆమె గల్లీల చెయ్యి చాపుతది.
ఎనిమిదింటికి వీడు పాలు ఒలకబోస్తడు.

"పాలే కదా మేడమ్ ఒలకబోసింది,
పన్నెండు వందలు కాదు గద."
నేనన్న మాట కాదది. ఆమెనే అన్నది,
ఎప్పుడో ఆరిపోయిన బండను కొంగుతోటి తుడుసుకుంట.

కిస్తీ రోజు మార్చమని సెంటర్ లీడర్‌ను బతిమాలిన. కాలే.
అప్పటిసంది బుధవారం ఏడున్నరకు పోత.
వానికి తల దువ్వుత, గుండీలు పెడుత,
బడిదాక నడిపిస్త.
రిపోర్టుల "తల దువ్వినం" అని రాస్తే
మా సారు ఎర్రపెన్నుతోటి సున్న చుట్టిండు.

మా నాయిన బెల్టు నాకు యాదికుంది.
అది ఏ వారమో యాదికి లేదు.
ఎవలూ అడుగలే.

మొన్న వాన.
అండర్ రైల్వే గేటు కింద నీళ్ళు నిండి ఆటోలు ఆగినయ్.
ఎనిమిదీ పదికి నేనింక ఇటువైపే ఉన్న.
ఫోన్ మోగింది.
"మేడమ్, చెయ్యి లేసింది."
నాకు ఊపిరి ఆడలే.
"లేసింది గని... వాణ్ణి బయట గొళ్ళెం పెట్టుమన్న.
బకెట్ బోర్లేసుకొని ఎక్కి పెట్టిండు.
లోపట నేనొక్కదాన్నే ఉన్న.
మెల్లగ రా, నీళ్ళున్నయట."

తలుపు అవతలికెళ్ళి వాని గొంతు:
"అమ్మా, ఇగ తియ్యాల్నా?"

"ఇంకొంచెం సేపు ఆగు బిడ్డా."