చిట్టెం

కొలిమివాళ్ళు ఊరికే ఇచ్చేవాళ్ళు.
లారీ మాట్లాడుకుంటే చాలు, ఎంతైనా తోలుకోవచ్చు,
తగరం పిండుకున్నాక మిగిలిన నల్లగాజు పెళ్ళలు.
ఫుకెట్‌లో మా వీధి వాటితోనే వేశారు,
బడి దారి వేశారు, మసీదు వెనక గుంట పూడ్చారు.
నాన్న ప్రదిత్ వాటి మీదే వంటిల్లు లేపాడు.
ముప్పై ఏళ్ళు నాన్నమ్మ లమ్యాయ్ ఆ నేల మీద
చేపలు కడిగింది, కొబ్బరి కోరింది,
కొబ్బరి ఎత్తుకుపోయినందుకు నన్ను తిట్టింది.

అప్పుడు నేను కొలిమి పరీక్షల గదిలో
సీసాలు కడిగేదాన్ని.
ఒక సాయంత్రం కెమిస్టు నా అరచేతిలో చిట్టెం పలుకు పెట్టి
"ఇన్నాళ్ళూ తగరం ఎంత అనే అడిగాం" అన్నాడు,
"ఇంకేముందని అడగలేదు."

ఆయన చెప్పిందాంట్లో నాకు దక్కింది ఇంతే:
కొండ కింద రాయి కాగి కాగి చల్లారేటప్పుడు
ఫెల్డ్‌స్పార్ తనకు కావలసినవాళ్ళని పిలుచుకుంది,
క్వార్ట్జ్ తనవాళ్ళని పిలుచుకుంది.
ఏ పంక్తిలోనూ విస్తరి దొరకని అణువులు
వెనక్కి వెనక్కి జరుగుతూ
చివరి గుక్కెడు ద్రవంలో చేరాయి.
ఆ కడబంతిలో తగరం పక్కన టాంటలం కూచుంది.
కొలిమిలో తగరం లేచి వెళ్ళిపోయింది.
అది లేవలేదు.
యాసిడ్ పోస్తే తాగలేదు.
చిట్టెంలో అట్టే ఉండిపోయింది,
నూటికి పన్నెండు పాళ్ళు, మా కాళ్ళ కింద.

ఆ ఏడు ధర వచ్చింది.
వానలా వస్తుందనుకున్నాం,
గునపం పట్టుకుని రాత్రిపూట వచ్చింది.
తెల్లారేసరికి బడి దారి లేదు.
ఐసు అమ్మే హుయ్ సెంగ్ తన గుమ్మం తనే తవ్వుకుని
కిటికీలోంచి దిగుతున్నాడు.
మసీదు వెనక గుంట మళ్ళీ గుంటయింది, బాతులొచ్చాయి.
కాపలాకి పోలీసును పెట్టారు.
మూడోరోజుకి అతని గోళ్ళలోనూ నల్లదుమ్ము.

నాన్న వారం రోజులు ఓర్చుకున్నాడు.
ఎనిమిదోనాడు పొయ్యి తీసి పెరట్లో పెట్టాడు.
నాన్నమ్మ అడ్డం రాలేదు.
ఒక్క మూల చూపించి, "ఇక్కడ మాత్రం వద్దురా" అంది.
పేరు పెట్టకముందే పోయిన నా చెల్లెలి
మావి కుండ అక్కడ పాతారట.
అప్పటిదాకా నాకు చెల్లెలున్నట్టే తెలీదు.

పదకొండు బస్తాలు.
పెనాంగ్ బ్రోకర్ గుమస్తా బియ్యం కాటాలో తూచాడు.
నాన్నమ్మ జన్మంతా వాగులో నడుం వంచి
చెక్కపళ్ళెంతో గాలించిన తగరం
అందులో రెండు బస్తాల ధర చెయ్యదట.
ఆమె కాసేపు ఊరుకుని అడిగింది:
"మరి తగరం ఏరుకుని
నేను పారబోసిన నల్ల ఇసకో?"
దానికి జవాబు కెమిస్టు నాకు ఎప్పుడో చెప్పాడు.
నేను సీసాలు మాత్రమే కడుగుతానని చెప్పాను.

ఫ్రిజ్ కొన్నాం.
ఎర్రమట్టి పోసి నేల మళ్ళీ చేశాం గానీ
అది ప్రతి వానాకాలం కాస్త కుంగుతూనే ఉంది,
తవ్వని ఆ మూల తప్ప.
చేతిలోంచి నిమ్మకాయ జారితే
ఆ మూల నుంచి దొర్లుకుంటూ పోయి
ఫ్రిజ్ కింద దూరుతుంది.
మోకాళ్ళ మీద వంగి, చీపురుపుల్లతో,
ఇప్పటికీ వెతుక్కుంటూ ఉంటాను.