నూలుగుడ్డ

జార్జియా కొండల్లో, ఆ మాంగనీసు ఊళ్లో
తెల్లారడమంటే
లోయకు ఈ పక్కనుంచి ఆ పక్కకు
ఉక్కుతాడు మీద మొదటి పెట్టె కదలడం.
అంతకు గంట ముందే
నజిబ్రోలా లాంతరు పట్టుకుని స్టేషను పైకెక్కేది.
చేతిలో ఓ నూలుగుడ్డ,
చెవి వెనక పెన్సిలు ముక్క.

నేను కొత్త. పందొమ్మిదేళ్లు.
లెక్కకి యంత్రం ఉందిగా, గుడ్డెందుకన్నాను.
ఆమె నవ్వలేదు.
"తాడు మెల్లగా నడుస్తుంటే గుడ్డ చుట్టి పట్టుకో.
తెగిన పోగుంటే గుడ్డని పీకుతుంది.
కళ్లు మనవాళ్లని చూసి తగ్గుతాయి,
పాత గుడ్డకి మొహమాటం లేదు."

ఆ మార్చిలో, మంచు కరిగి రేకుల మీంచి కారుతున్న పొద్దున
నూట పన్నెండో మీటరు దగ్గర గుడ్డ చిక్కింది.
ఒకటి. మూడు.
జానెడు దూరంలో మళ్లీ నాలుగు.
మొత్తం ఏడు పోగులు.
ఆరుదాకా నడపొచ్చని నిబంధన.

ఏడుకీ ఆరుకీ మధ్య ఎంతుంటుంది?
వెంట్రుకంత.
మేనేజరు మాల్ఖజ్ అదే అన్నాడు,
టీ పోయించి, కుర్చీ జరిపి, మర్యాదగానే:
"నెలాఖరు. పైన గని ఆగిపోతుంది.
ఆరని రాయి. వచ్చే నెల కొత్త తాడొస్తుంది.
ఫోర్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది, నీకు తెలుసుగా."

ఆమె టీ తాగింది. చక్కెర చాలలేదంది.
పుస్తకంలో ఏడు అని రాసి
అంకె మీద మరోసారి పెన్సిలు దిద్దింది.

పదకొండు రోజులు పెట్టెలు కదల్లేదు.
గనివాళ్లు ఆరు వందల మెట్లు ఎక్కారు, దిగారు,
ఎక్కేటప్పుడు ఒక తిట్టు, దిగేటప్పుడు రెండు.
ఆమె వంతు వచ్చేసరికి
కొట్లో రొట్టెలు అయిపోయేవి.
సొంత మరిది వీధికి అటు పక్కన నడిచాడు.
ఫోర్‌మన్ కుర్చీలో తెంగిజ్ కూర్చున్నాడు.

ఈ కథని ఇక్కడ అందంగా ముగించొచ్చు:
పాత తాడు విప్పితే లోపలంతా తుప్పనీ,
ఊరంతా వచ్చి ఆమె చేతులు పట్టుకుందనీ.
అలా జరగలేదు.
విప్పారు. లోపల తాడు మెరుస్తూనే ఉంది.
ఇంకో ఏడాది లాగేదేమో, ఎవరికి తెలుసు?
"చూశావా?" అన్నారంతా.
"చూశాను," అంది. "ఏడే."

నాకు కోపం ఆమె మీదే వచ్చింది.
ఒక్క పోగు కోసం ఎంత పోగొట్టుకున్నావని అరిచాను.
గుడ్డలోంచి గ్రీజు పిండుతూ అంది:
"ఇవాళ ఏడుని ఆరంటే,
రేపు నేను ఆరని రాసినప్పుడు
అది ఆరో కాదో
నాకే తెలియదు కదా."

తొమ్మిదేళ్లు గడిచాయి.
ఆమె జీతం చివరిదాకా రెండో తరగతి మెకానిక్కుదే.
గాలి ఎక్కువైన రోజున ముసలమ్మలు
గంట కొట్టే కుర్రాణ్ణి ఒక్కటే అడిగేవాళ్లు:
"పొద్దున చూసింది ఆవిడేనా?"
ఆవిడే అంటే చాలు,
మనవల్ని ముందు ఎక్కించేవాళ్లు.
పొగడ్తేం కాదది. ఆమెతో ఎవరూ అనలేదు కూడా.
ఫోర్‌మన్ తెంగిజ్ కూతురు
మొదటిసారి బడికి పెట్టెలో వెళ్లిన రోజు
అతను పిల్ల చెయ్యి వదలకుండా
పైన గుడ్డ దులిపిన చప్పుడయ్యేదాకా
నిలబడ్డాడు. నేను చూశాను.

ఇప్పుడు పెన్సిలు నా చెవి వెనక ఉంది.
నిన్న గుడ్డ చిక్కింది. ఐదు.
చలి. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
చూసేవాళ్లెవరూ లేరు, ఐదైనా ఆరైనా పెట్టె నడుస్తుంది.
అయినా తాడు వెనక్కి తిప్పించి
మళ్లీ పట్టుకున్నాను.
ఆరు.
రాసి, అంకె మీద ఇంకోసారి దిద్ది,
కిందికి వంగి
గంట కొట్టమన్నాను.