ముందు అభిప్రాయం

ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపు మీద, రెండో అంతస్తులో
ముప్పై ఒక్క కుర్చీలకి ఇంగ్లీషు విశేషణాలు చెప్తాను.
సన్నగా ఉన్నవాళ్లని స్లిమ్ అనండి, మురిసిపోతారు.
థిన్ అంటే అన్నం తిన్నావా అని అడిగినట్టు.
స్కిన్నీ అన్నారా, దెబ్బలాటే.
డబ్బు దాచేవాడు మనవాడైతే థ్రిఫ్టీ,
పక్కింటివాడైతే స్టింజీ.
నవ్వుతారు. ఎక్కడ నవ్వుతారో నాకు తెలుసు,
పదకొండేళ్లుగా అక్కడే నవ్వుతున్నారు.

తర్వాత వరస. బోర్డు మీద ఎడమ నుంచి కుడికి:
అభిప్రాయం, పరిమాణం, వయసు, రంగు.
అందమైన చిన్న పాత నీలం పడవ.
ఇటుది అటు పెడితే తప్పు.
ఎందుకు తప్పని ఎవరూ అడగలేదు, నాతో సహా.

గరికిన నూకరత్నం అడిగింది.
హోటల్ రిసెప్షన్ ఉద్యోగం కోసం చేరిన పిల్ల,
ఫ్యాను గాలి అందని మూల కూర్చుంటుంది.

"సూడకుండానే బాగుందని ఎలగనేస్తారండీ?
మాయమ్మ తెల్లారగట్ల హార్బర్లో పాటకెల్తాది.
ముందు సైజు సూస్తాది.
మొప్ప ఎత్తి రంగు సూస్తాది.
ఏలితో నొక్కి, గుంట పూడిందో నేదో సూస్తాది.
అప్పుడు కదండీ మంచిదో కాదో సెప్తాది!
ఇంగిలీసోలు ముందు సెప్పేసి తరవాత సూస్తారేటి?"

అది రూలమ్మా, అన్నాను.
మార్కర్ మూత ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.

హోంవర్కు: అమ్మ గురించి ఒక వాక్యం, వరస తప్పకుండా.
ముప్పై కాగితాల్లో ముప్పై మంది బ్యూటిఫుల్ అమ్మలు.
ముప్పై ఒకటోది చేపల వాసన వేస్తుందనుకున్నాను.
పౌడరు వాసన వేసింది.
ముందే వచ్చేసిన నా అభిప్రాయాన్ని
ఏ గడిలో రాయాలో తెలియలేదు.

పొట్టి, నలభై మూడేళ్లు, నలుపు,
అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి, స్పెల్లింగు తప్పుల్లేవు.
మొదటి మాట దగ్గర మాత్రం ఉత్త గీత.

మర్చిపోయావా?
"నేదండి. ఇంకా సూస్తన్నాను."

మార్కులు వేయకుండానే బస్సెక్కాను.
ఆర్కే బీచ్ దగ్గర కిటికీ నిండా సముద్రం.
పెద్దది, పాతది, ఇవాళ బూడిదరంగు.
మొదటి మాట కోసం చూస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను.
"టికెట్ ఇక్కడిదాకా లేదు," కండక్టరు అరిచాడు.
కోపిష్టి, అనుకోబోయి
చూశాను:
ఒక చెవిలో దూది ఉంది.