గల్లల బుక్కు

అట్ట లేదు.
మొదటి పేజీ ఎవరు చింపిండ్రో తెల్వది.
రెండో పేజీల ఆకుపచ్చ సిరాతోని
"మూడు రాత్రులకు మించి ఉంచుకోవద్దు" అని ఉన్నది,
దాని కింద ఇంకెవరో పెన్సిలుతోని
"వానకాలమైతే నాలుగు" అని.

కొత్తవాడల గోడకు గోడ ఆనుకున్న ఇండ్లు.
ఒకరి మగ్గం చప్పుడుకు ఇంకొకరి గిన్నెలు కదుల్తయి.
ఆ బుక్కు చీరె కొంగు కింద, బియ్యం సంచిల,
ఒకసారి ఆడెపు సుదర్శనం సైకిల్ సీటు కింద
ఇల్లిల్లు తిరిగి
మా ఇంటికొచ్చేటాల్లకు నాకు పంతొమ్మిదేండ్లు.
పంజా పట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కే రోజులు.
నేర్పుమని ఎవర్నడిగినా "చూడు" అంటరు.
చూస్తే చేతులు కనవడయి, ఉరుకుతయి.
బుక్కుల మాత్రం నిలవడి ఉంటయి.

గల్లకు నాలుగు పోగులు.
ఇంటూ గుర్తు ఎరుపు, చుక్క నలుపు,
ఏం లేకుంటే తెలుపు.
ఇంతే లెక్క అనుకున్న.
మొదటి జంఖానా మీద చదరం నేస్తే
ఒక పయ్యల గాలి పోయిన రిక్షా లెక్క
పక్కకు ఒరిగింది.

పదకొండో పేజీల దొరికింది జవాబు.
మిల్లు సైరను విని పొద్దు తెల్సుకున్నోళ్ల
పాత రాత:
"రంగు మారే కాడ పేక గుంజకు. ఒదులు.
దారానికి గూడ మర్ల జాగ కావాలె."

నవ్వచ్చింది. ఒదిలిన.
చదరం నిలవడ్డది.

అచ్చు పుస్తకాలల్ల అన్నీ ఒప్పులే.
ఈ బుక్కు నిండ తప్పులు.
"ఇక్కడ నేను ఆగమైన. దూస కనకలచ్చవ్వ."
"ఈ నీలం రెండు ఉతుకులకు ఏడుస్తది, నమ్మకుండ్రి."
"ఈ అంచు మస్తుంటది గని నడుము పోతది."
ఒక పేజీల పసుపు వేలిముద్ర.
ఇంకో పేజీల ఏ పిల్లగాడో గీసిన బస్సు,
దాన్ని గూడ ఎవరో గల్లలు లెక్కబెట్టి
చక్రాలు చదరం జేసి
నేసేటట్టు సరిజేసిండ్రు.

ఫోన్ల ఫోటోలు తీసుకుంట అన్నడు వంగరి సందీపు.
తీస్కో అన్నరు అందరు.
వారం తిరగకముందే మల్ల వచ్చిండు:
"ముప్పై రెండో పేజీల రబ్బరుతోని చెరిపిందేందో
ఫోన్ల కనవడ్తలేదు."
బుగ్గ కాడ కాయితం ఏటవాలుగ పట్టి చూపిచ్చిన.
గీత పోయింది, నొక్కు పోలేదు.
ఎవరో మొదలు తిప్పలు వడ్డ తొవ్వ అది.

నా వంతు వచ్చింది.
నెమలి గీసిన. నేసిన.
మెడల రెండు వరుసలు మర్చిపోయిన.
మూడు గజాల జంఖానా,
వరుసకు ఆరు నెమళ్లు,
ఆరింటికీ మెడలు లెవ్వు.
సొసైటీల తీసుకోలే. ఇంట్లనే పర్చుకున్నం.
దాని మీద కూసొని అన్నం తినుకుంట
అమ్మ అన్నది: "బాతులు మంచిగున్నయి."

ఆ రాత్రి సిగ్గు చంపుకొని బుక్కుల రాసిన:
"లెక్క ఇట్ల తప్పింది. మీరు తప్పకుండ్రి."
తెల్లారి బైరోళ్లింట్ల ఇచ్చేసిన.
మళ్లీ అది నా దాకా రాలే.

రెండేండ్లకు
ములుగు రోడ్డు మీద ఫంక్షన్ హాలు, చుట్టాల పెండ్లి.
చెప్పులిడిచి అడుగు వెడితే
కాళ్ల కింద పొట్టి మెడ నెమళ్లు.
నావే. నా తప్పే.
కాని ముక్కు ముంగట
మూడు పసుపు గల్లలు, కొత్తగ:
గింజలు.
మెడ లేక కాదు,
వంగి ఏరుకుంటున్నయి.

తలంబ్రాలు నేను చూడలే.
మోకాళ్ల మీద కూసొని పోగులు లెక్కబెట్టిన.
ఉంగరం పోయిందేమొ అనుకొని
ఎవరో తెల్వని ఒకామె
నాతోపాటు వంగి దేవులాడింది.

ఆ గింజలు ఎవరు పెట్టిండ్రో అడుగుతనే ఉన్న.
బైరోళ్లు మేం కాదన్నరు.
కనకలచ్చవ్వ నవ్వుతది, చెప్పది.
బుక్కు ఇప్పుడు ఎవరింట్ల ఉన్నదో,
వానకాలం, నాలుగు రాత్రులు ఎప్పుడో దాటినయి.
దొరికితే నా పేజీ తియ్యాలె.
మూడు గింజలు చాలయి.
ఇంకోదానికి జాగున్నది.