తల కొలత

ఇన్నిస్‌ఫెయిల్‌లో బట్టలు ఆరవు.
రేకుల షెడ్డులో నేనూ, తేమ పీల్చే యంత్రమూ,
నాలుగు వందల ముప్ఫై పాములూ.
అన్నీ సీసాల్లోనే, స్పిరిట్లో చుట్టలు చుట్టుకుని
ఎవరైనా పిలిస్తే లేద్దామన్నట్టు.

ఒక్కోదాన్నీ చేత్తోనే బయటికి తీస్తాను.
ముట్టె కొస నుంచి దవడ మూల దాకా
వెర్నియర్ ఆనించి చదువుతాను.
తర్వాత ఒంటి పొడవు.
ఇదే నా ఉద్యోగం.
ఫోన్లో "కొలతలు తీస్తున్నా" అంటే
బట్టలు కుడుతున్నాననుకుంది మా పిన్ని.

ఒక సీసా మెడకు కట్టిన చీటీ:
నల్లపాము, ఎర్ర పొట్ట.
కోళ్ల గూటి వెనక. మిసెస్ పాస్కో. 1931.
అప్పటికింకా ఈ నేల గోండ్రుకప్పను చూడలేదు.
మిసెస్ పాస్కో పాముకి నోరు నిండుగా ఉంది.
ఏ కప్ప దొరికినా దానికి పండగే.

నాలుగేళ్లకి
చెరకును తినే పురుగుల్ని తింటాయని
పెట్టెల్లో పెట్టి సముద్రం దాటించి తెచ్చారు వాటిని.
పురుగు జోలికి పెద్దగా పోలేదు.
మిగతా అన్నిటి జోలికీ పోయాయి,
చెవుల వెనక రెండు విషపు సంచులు మోసుకుంటూ,
వాన రాత్రుల్లో రోడ్డంతా తమదేనన్నట్టు.

పెద్ద నోటి పాము పెద్ద కప్పను పట్టింది.
కప్ప ఎంతో విషమూ అంత.
చిన్న నోటి పాముకి ఆ కప్ప పట్టలేదు.
చూసింది, దవడ సాగదీసింది, వదిలేసింది.
ఆకలితోనే గడ్డిలోకి పోయింది.
దానికి తెలివి లేదు, పెద్దలు చెప్పిన బుద్ధులు లేవు.
నోరు చిన్నది, అంతే.

ఏ పామూ ఎవరి ముందూ తల తగ్గించుకోలేదు.
రేపటి నుంచి తక్కువ తింటానని
ఏ పామూ ఒట్టు పెట్టుకోలేదు.
కొన్ని పోయాయి. కొన్ని కన్నాయి.
ఆ పిల్లల్లో మళ్లీ కొన్ని.
తొంభై వానాకాలాలు.
తలరాత అంటారే,
ఇక్కడది మిల్లీమీటర్లలో ఉంది,
కళ్లద్దాలు తుడుచుకుంటే గాని కనపడదు.

మంగళవారం ఎట్టోరె జనెల్లా వచ్చాడు,
గంబూట్ల నిండా ఎర్రమట్టి,
చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా.
"పంపుషెడ్డు పక్కన" అన్నాడు.
చావింటికి వచ్చినట్టు టోపీ తీసి పట్టుకున్నాడు.

మూత తీశాను.
నల్లపాము. నోట్లో సగం దాకా గోండ్రుకప్ప.
మింగలేక కక్కలేక అన్న మాట
ఎన్నిసార్లు వాడి ఉంటాను,
అద్దె ఇంటి గురించి, ఆఫీసు మెయిళ్ల గురించి.
ఇదిగో, అది.

తల కొలిచాను.
అచ్చం మిసెస్ పాస్కో పాము కొలత.
ఇంకా పుడుతున్నాయన్నమాట
ఆ పాత నోళ్లు.

"ఇన్నేళ్లయినా నేర్చుకోవా ఇవి?" అన్నాడు జనెల్లా.
నేర్చుకోవడానికి బతికుండాలి కదా అనబోయి
టీ తాగుతారా అన్నాను.

అతను వెళ్లాక పొట్ట కోశాను.
ఈ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.
పల్చటి సంచుల్లో పద్నాలుగు,
రేపో ఎల్లుండో పుట్టాల్సినవి.
పద్నాలుగు తలలూ కొలిచాను.
ఏ గడిలో రాయాలో తెలియక
లెడ్జరు అంచున పెన్సిల్‌తో రాశాను.

నాలుగు రోజులుగా నాకు దవడ వాపు.
జ్ఞానదంతానికి చోటు లేదట.
"నీ ఒక్కదానికే కాదులే" అన్నాడు పళ్ల డాక్టరు,
"చాలామందికి ఇంతే, పన్ను వస్తుంది, చోటుండదు."
ఏ కాలపు ముద్ద నమలడానికి
బయల్దేరిందో పాపం.

బయట చీకట్లో అవి మొదలుపెట్టాయి,
దూరంగా ట్రాక్టరు స్టార్టవలేక గుర్రుమన్నట్టు.
కడిగి తుడిచిన వెర్నియర్
చల్లగా ఉంది కదా అని
వాచిన చెంపకి ఆనించుకుని కాసేపు కూర్చున్నాను.

అంకె చదవలేదు.