మూడో గది

మైపాడు గాలికి దుప్పటి ఆరేది తొందరే,
చెమ్మ వదిలేదే ఆలస్యం.
ఆరింది గదా అని మడత పెడితే
రాత్రికి మళ్లీ మెత్తబడద్ది.
అందుకే మిద్దె మీద రెండు పూటలు ఎండ తాగిస్తా.

సోమవారం పదకొండింటికి గదులు ఖాళీ.
తలగడ గలేబు దులిపితే గుప్పెడు ఇసక,
ఒక జడపిన్ను,
సగం కొరికిన వేరుశెనగ ఉండ.
పులుసు మరకకి సబ్బు తగిలిందా,
పసుపు ఎర్రబడద్ది, కోపమొచ్చినట్టు.
రుద్దకూడదు.
ఎండలో పడేసి మన పని మనం చూసుకోవాల.
మా ఆయన దగ్గర నేర్చిన విద్యే ఇది.

ఓనరు శ్రీహరిబాబు పుస్తకం ఇచ్చాడు.
మరకకి రెండొందలు, చిరుగుకి ఐదొందలు,
టవలు పోతే మూడొందల యాభై.

ఈ వారం మూడో గదిలో
మంచం మీద దుప్పటి లేదు.
కిటికీ ఊచలకుంది,
నాలుగు కొసలూ లాగి కట్టి.
పరుపు మీద తడి చోట
ఫ్యాను ఇంకా తిరగతానే ఉంది.
పక్క తడిపిన పిల్లోడెవరో,
ఏ రాత్రి రెండింటికో
చప్పుడు గాకుండా కొళాయి తిప్పిన తల్లెవరో.
వేలెడంత సబ్బుబిళ్ల,
అరిగి రేకైపోయుంది.

మా మస్తాను ఏడేళ్లదాకా తడిపాడు.
కావలిలో పెళ్లికి పోయినప్పుడు
చుట్టాల దుప్పటి మడిచి
బీరువా వెనక దోపి వచ్చా నేను.
ఉతకలా.

మూడో గదికి ఎదురుగా
బాగుంది అని రాసి,
దుప్పటి ఇంకోసారి జాడించా.

నాలుగో గదోళ్లు టవలెత్తుకుపోయారు.
అది మాత్రం రాశా.