తెల్ల తీగ

ఈ ఊరి గాలికి ఉడికిన నారింజ తొక్కల వాసన.
రసం ఫ్యాక్టరీ సైరన్ కూసిందంటే ఏడు.
అరరక్వారా దంత కళాశాల, కింది అంతస్తు,
కిటికీ లేని గది. నేనూ, ఒక యంత్రమూ.
దాని పని లాగడం. నా పని చూస్తూ కూర్చోవడం.

గాజు తొట్టిలో కృత్రిమ లాలాజలం,
ముప్పై ఏడు డిగ్రీలు. ఎవరిదీ కాని నోరు.
ఆ నోట్లో ఒక బ్రాకెట్, దాని గాడిలో తీగ.
నిమిషానికి అయిదు మిల్లీమీటర్లు,
నత్త కూడా విసుక్కునే వేగం.

తెర మీద గీత లేస్తుంది.
కదలక ముందు ఒక్కటే మొండి శిఖరం,
కదిలాక చిన్న చిన్న రంపం పళ్ళు.
మొదటిదాన్ని స్థిర ఘర్షణ అని రాస్తాను.
రెండోదానికి
'ఇతామార్‌తో ఇరవై ఆరేళ్ళ కాపురం' అని రాయబుద్ధవుతుంది.
గతి ఘర్షణ అనే రాస్తాను.

ఈ వారం పంటిరంగు పూత వేసిన తీగలు,
ఎవరి కంటా పడకుండా
పళ్ళు సర్దుకోవాలనుకునే వాళ్ళవి.
పైన పటారం, లోన లొటారం అనడానికి లేదు.
లోపలున్నది మేలిమి నికెల్ టైటానియం,
వంచితే నొచ్చుకోదు,
వదిలితే తన పాత చోటికి తనే వచ్చి కూర్చుంటుంది.
పూత గీకేసి, మైక్రోమీటర్ పెట్టి కొలిచాను.
గాడి వెడల్పు మారదు కదా,
తెలుపుకి చోటివ్వడానికి
లోహాన్ని సన్నం చేశారు.
అందుకే మూడు చోట్ల ఆనించి వంచినప్పుడు
మామూలు తీగ తోసినంత ఇది తోయలేదు.
'అందం కాస్త బలం తిని బతుకుతుంది'
అని నివేదికలో రాశాను.
ప్రొఫెసర్ దల్వా ఎర్ర సిరాతో కొట్టేసింది.

నిన్న పై క్లినిక్ నుంచి ఒక కవరు.
ఆరు వారాలు నోట్లో ఉండి వచ్చిన తీగ.
కవరు మీద సంఖ్య మాత్రమే ఉండాలి, నియమం.
ఎవరో తొందరలో పేరు రాసేశారు:
ఇవోనేచి, మూలమీది బేకరీ.

మైక్రోస్కోపు కింద సున్నం రాలిన గోడ.
కోరపంటి దగ్గర పెచ్చు లేచింది,
పక్కనే లోహం బయటపడింది,
ఊడిన పూత మడతలు పడి అంచున పోగైంది.
యంత్రానికి తగిలించాను.
కొత్త తీగ ఒకటిన్నర న్యూటన్ల దగ్గర కదిలింది.
ఇది మూడు దాటినా కదలదు,
మూడున్నర,
టక్కున జారింది.
ఆపైన రంపం పళ్ళు పెద్దవి, వంకరవి.

మధ్యాహ్నం ఆ బేకరీకే వెళ్ళాను.
రొట్టె కోసమని అబద్ధమెందుకు, చూడ్డానికే.
ఇరవై రెండేళ్ళుంటాయేమో, జుట్టుకి వల,
చెవి మీద పిండి.
'ఇంకేమైనా కావాలా?' అంటూ నవ్వింది,
నోరంతా తెరిచి.
తళతళలాడే మామూలు స్టీలు తీగ,
దానికి ఊదారంగు రబ్బర్లు,
కోరపంటి మీదొకటి పచ్చది!

ఆమె నోటి లోపలి గతుకులు
రెండు వందల రెట్లు పెద్దవి చేసి చూసినదాన్ని,
ఒక్క మాట పెగల్లేదు.
పన్ను మీద పన్నున్న నేను
యాభై ఒక్కేళ్ళుగా నవ్వుతున్నట్టే
పెదవులు కలిపి నవ్వాను.
చిల్లర తీసుకోవడం మరిచి వచ్చేశాను.

ఇరవై మూడో నమూనా.
తగిలించి, మీట మీద వేలు పెట్టి,
నాలుకతో ఆ పన్ను తడుముకుంటున్నాను.
తొట్టి ముప్పై ఎనిమిదికి ఎక్కింది.
చల్లారేదాకా ఆగాలి.